బస్సు పామర్రు దాటిందా?

విజయవాడ బస్టాండులో చల్లపల్లి బస్సెక్కి సీట్లో కూర్చోగానే నా ఫోన్ మోగుతుంది. అమ్మే. 'ఎక్కడిదాకా వచ్చావు?' అంటుంది. ఇంకా బస్సే కదల్లేదని చెప్తా. కాసేపాగి మళ్లీ ఫోన్. 'ఉయ్యూరు దాటాం' అంటా. ఆ తర్వాత 'పామర్రు'. నేను 'కూచిపూడి' అన్నానంటే అమ్మ వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టేస్తుంది. ఎన్ని నిమిషాల్లో వస్తానో నేను చెప్పను, ఆమె అడగదు. ఏ ఊరు దాటానో తెలిస్తే చాలు, మిగతా లెక్క తనే వేసుకుంటుంది.

ఇంజినీరింగ్ చదివి, ఇన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కూడా ఈ చిన్న విషయం నా బుర్రకి ఎక్కలేదు. మా తమ్ముడి ప్రాజెక్టు రివ్యూ నా వల్ల పోయాకే ఎక్కింది.

రెండు రోజుల డేటా బూడిదలో

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. బీటెక్ మూడో సంవత్సరం. సెలవులకి చల్లపల్లి వచ్చి, ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్టు మొదలెట్టాడు. దానికి పైటార్చ్ కావాలి. ఇంట్లో వైఫై లేదు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్.

వీడియోలో ఎవరో చెప్పిన కమాండ్ చూసి ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. టెర్మినల్‌లో గీత ఒకటి మెల్లగా నిండుతోంది. సగంలో డేటా అయిపోయింది. ప్యాక్ అయిపోతే నెట్ పూర్తిగా ఆగదు కదా, 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి 8 కేబీ. ఆ స్పీడులో 600 ఎంబీ దిగాలంటే ఇరవై గంటల పైనే పడుతుంది. వాడికేమో గీత కదలట్లేదనిపించింది. ఆపేశాడు. మర్నాడు కొత్త డేటాతో మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ సున్నా నుంచి! ఆ కమాండ్‌లో 'క్యాష్ దాచుకోవద్దు' అనే ముక్క కూడా ఉంది మరి. అదేంటో తెలీకుండా కాపీ కొట్టేశాడు. రెండో రోజు డేటా కూడా పోయింది.

'అన్నయ్యా, ఇది అసలు ఎంత ఉంటుంది?' అని ఫోన్ చేశాడు.

వాడు అడగాల్సిన ప్రశ్న అదే. లినక్స్‌లో మామూలుగా 'పిప్ ఇన్‌స్టాల్ టార్చ్' అని కొడితే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు లైబ్రరీలన్నీ వెంటేసుకుని వస్తుంది. మొత్తం 2 జీబీ దాటుతుంది. ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో ఒక్క రోజులో అది దిగే పనే కాదు. పైగా వాడి ల్యాప్‌టాప్‌లో ఆ కార్డే లేదు! సీపీయూతో నడిచే చిన్న వెర్షన్ ఉంది, వాడికి అది చాలు. ఆ సంగతి స్క్రీన్ మీద ముందే కనిపించి ఉంటే రెండు రోజుల డేటా మిగిలేది.

ఇక్కడో తేడా చూడండి. ఉబుంటు, డెబియన్‌లలో ఉండే 'ఆప్ట్' ఏదైనా పెద్దది ఇన్‌స్టాల్ చేసేముందు ఆగి అడుగుతుంది. ఇన్ని ఎంబీ దింపాలి, డిస్కులో ఇంత చోటు పడుతుంది, కానివ్వమంటావా అని. బేరం తెలిశాకే బండి ఎక్కిస్తుందన్నమాట. పిప్ అలా అడగదు. ఒక్కో ఫైలు సైజు దాని వంతు వచ్చినప్పుడు చెప్తుంది. మొత్తం తెలిసేసరికి మనం సగం దారిలో ఉంటాం.

ఆదివారం పూట ఓ బస్సు

ఆ వారాంతం ఊరెళ్లి వాడికి చిన్న వెర్షన్ ఎక్కించాను. తర్వాత ఊరికే కూర్చోలేక, పిప్ మీద తొడుగులా పనిచేసే చిన్న టూల్ రాయడం మొదలుపెట్టా. గీత బదులు బస్సు. విజయవాడ, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి. ఇన్‌స్టాల్ అవుతుంటే టెర్మినల్‌లో బస్సు ఊళ్లు దాటుకుంటూ వస్తుంది.

ఇలాంటి సరదా నాతో మొదలవలేదు. ఆర్చ్ లినక్స్ ప్యాకేజీ మేనేజర్ పేరు 'ప్యాక్‌మ్యాన్'. దాని సెట్టింగ్స్ ఫైల్లో 'ఐ లవ్ క్యాండీ' అని ఒక్క మాట రాస్తే చాలు, ప్రోగ్రెస్ బార్‌లో పాత వీడియోగేమ్ ప్యాక్‌మ్యాన్ చుక్కలు తింటూ పరిగెడుతుంది. ఆప్ట్ 1.0 వెర్షన్ 2014 ఏప్రిల్ 1న వచ్చింది. తేదీ చూసి చాలామంది జోక్ అనుకుని ఉంటారు. కానీ 'ఆప్ట్' అనే పొట్టి కమాండు, టెర్మినల్ అడుగున నిండే బారు నిజంగానే అందులో వచ్చాయి. పైథాన్ వాళ్లకి బాగా తెలిసిన 'టీక్యూడీఎం' ఉంది కదా, ఆ పేరు అరబిక్‌లో పురోగతి అనే అర్థమొచ్చే 'తఖద్దుమ్' నుంచి వచ్చింది. విల్ మెక్‌గూగన్ రాసిన 'రిచ్' లైబ్రరీని 2022లో పిప్ తన డౌన్‌లోడ్ బార్ కోసం తీసుకుంది. ఇవాళ పిప్‌లో మీరు చూసే రంగు గీత దాని పుణ్యమే.

వెనకాల మంత్రమేమీ లేదు. టైప్‌రైటర్లో లైను చివరికొచ్చాక క్యారేజ్‌ని మళ్లీ మొదటికి లాగేవాళ్లు కదా. కంప్యూటర్లో ఆ పనికి 'క్యారేజ్ రిటర్న్' అనే అక్షరం ఇప్పటికీ ఉంది. అది పంపితే కర్సర్ కింది లైనుకి వెళ్లదు, అదే లైను మొదటికి వస్తుంది. పాత గీతని చెరిపి, దాని మీదే కొంచెం పొడుగు గీత గీస్తే మన కంటికి కదిలినట్టుంటుంది. లైను చెరపడానికి, రంగు మార్చడానికి, కర్సర్ దాచడానికి వేరే సంకేతాలున్నాయి. 1978లో వచ్చిన వీటీ100 టెర్మినల్ కాలంనాటి సంకేతాలనే మన ల్యాప్‌టాప్ ఇంకా అర్థం చేసుకుంటోంది.

మొదటిసారి నడిపితే నవ్వొచ్చింది. బస్సు ఎమోజీ ముఖం ఎడమవైపు ఉంటుంది. నేనేమో దాన్ని ఎడమ నుంచి కుడికి నడిపించా. విజయవాడ నుంచి చల్లపల్లి దాకా మొత్తం రివర్స్ గేరే! చేసేదిలేక విజయవాడని కుడి చివర, చల్లపల్లిని ఎడమ చివర పెట్టాను.

'చల్లపల్లి'లో అక్షరాలెన్ని?

తర్వాతి తలనొప్పి ఊరి పేర్లతో. ఇంగ్లిష్‌లో రాస్తే టెర్మినల్‌లో అన్నీ వరసలో నిలబడ్డాయి. తెలుగులో పెడితే బారు వంకర్లు పోయింది.

కారణం ఇదీ. టెర్మినల్ అంటే గళ్ల నోటుబుక్కు. గడికో అక్షరం. 'చల్లపల్లి' మన కంటికి నాలుగక్షరాలు. చ, ల్ల, ప, ల్లి. పైథాన్‌ని లెక్కపెట్టమంటే తొమ్మిది అంటుంది. లకి ల వత్తు ఇవ్వడానికి ఓ ల, ఓ పొల్లు, ఇంకో ల కావాలి మరి. గుడి కూడా వేరే లెక్క. ఫైల్లో దాచితే ఇరవై ఏడు బైట్లు. టెర్మినల్‌లో ఎన్ని గళ్లు పడుతుందో చెప్పే పాత పద్ధతి ప్రకారం లెక్కేస్తే ఆరు. ఒకే ఊరికి నాలుగు లెక్కలు! ఏది నమ్మి బారు గీయాలి? టెర్మినల్‌ని బట్టి జవాబు మారుతుంది. కొన్నింటిలో వత్తు కిందికి దిగకుండా పక్కనే నిలబడుతుంది.

మన అక్షరాలు కంప్యూటర్లని ఇబ్బంది పెట్టడం కొత్తేం కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' రాసే ఓ పద్ధతి ఐఫోన్లలో యాప్‌లని క్రాష్ చేసింది, గుర్తుందా? ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. తప్పు మన అక్షరానిది కాదు. దాన్ని గీయాల్సిన ప్రోగ్రాముది.

నేను కనుక్కున్న ఉపాయం చాలా సింపుల్. బారు ఉన్న లైన్లో తెలుగు పెట్టకూడదు. బస్సు, గీత, అంకెలు ఒక లైన్లో. ఊరి పేరు కింద విడిగా ఇంకో లైన్లో. పక్కన ఏమీ లేకపోతే వరస తప్పేదేముంది?

అందమైన అబద్ధం

ఇక అసలు తప్పు దగ్గరికొద్దాం.

బస్సు కుదుపుల్లేకుండా వెళ్లాలని నాకు ఆశ. నిజమైన డౌన్‌లోడ్ అలా ఉండదు. కాసేపు దూకుతుంది, కాసేపు చతికిలపడుతుంది. చూడ్డానికి బాగోలేదని, ముందు కొంత స్పీడు చూసి మొత్తం టైమ్ అంచనా వేసి, ఆ టైమ్ ప్రకారం బస్సుని నడిపించేశా. నెట్ ఆగినా బస్సు వెళ్తూనే ఉంటుంది. డౌన్‌లోడ్ అయ్యాక లోపల ఫైళ్లన్నీ విప్పి సర్దే పని ఉంటుంది చూశారూ, దాన్నైతే లెక్కలోకే తీసుకోలేదు. చూసిన ఫ్రెండ్స్ అందరూ సూపర్ అన్నారు. నేనూ మురిసిపోయా.

రివ్యూ ముందు రోజు రాత్రి తమ్ముడు ఇంకో రెండు లైబ్రరీలు ఎక్కించాల్సి వచ్చింది. నా టూల్‌తోనే కానిచ్చాడు. బస్సు చల్లపల్లి చేరింది. వాడు టెర్మినల్ మూసి, ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి పడుకున్నాడు. నిజానికి అప్పటికి లోపల పని ఇంకా నడుస్తోంది. పాత హార్డ్‌డిస్కు, నెమ్మదిగా సర్దుకుంటోంది. తెల్లారి కాలేజీలో ప్రాజెక్టు తెరిస్తే లైబ్రరీ సగమే ఉంది. తెర నిండా ఎర్ర అక్షరాలు. అక్కడ మళ్లీ ఎక్కించుకునే టైమ్ ఎవరిస్తారు? డెమో లేకుండానే రివ్యూ అయిపోయింది.

సాయంత్రం ఫోన్ చేశాడు. తిట్టలేదు. 'బస్సు వచ్చేసింది కదన్నయ్యా, అందుకే కట్టేశా' అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

'పామర్రు దాటాం' అని నేను అబద్ధం చెప్తే అమ్మ వండిన అన్నం చల్లారిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం, రేపు నేను నిజం చెప్పినా నమ్మదు. నా బస్సు చేసింది అదే.

ఎదురుచూపు మీద పరిశోధనలు

ఆ తర్వాత దీని గురించి చదివాను. బ్రాడ్ మయర్స్ అనే ఆయన టొరంటో యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో, 1985లో, ఈ శాతం బార్ల మీద ఓ పేపర్ రాశాడు. 48 మందితో బారు ఉంచీ, తీసేసీ పనులు చేయించాడు. 86 శాతం మంది బారు ఉంటేనే బాగుందన్నారు. పని తొందరగా అవ్వలేదు. ఎంతవరకు అయ్యిందో తెలిసిందంతే.

2010లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి చెందిన క్రిస్ హారిసన్ బృందం ఇంకోటి చూపించింది. బారు మీద చారలు వెనక్కి కదులుతున్నట్టు గీస్తే, అదే సమయం మనుషులకి 11 శాతం తక్కువగా అనిపించిందట. అంటే బొమ్మతో మన ఓపికని సాగదీయొచ్చు. ఇందులో తప్పేం లేదు. కండక్టరు పాటలు పెడితే ప్రయాణం తొందరగా అయినట్టుంటుంది కదా. కానీ పాటలు పెట్టడం వేరు, ఉయ్యూరులో ఉండి పామర్రు వచ్చిందని అరవడం వేరు. నేను రెండోది చేశా.

బొమ్మ వల్ల పనే నెమ్మదించిన కథా ఉంది. 2016 జనవరిలో జావాస్క్రిప్ట్ వాళ్లు ఓ విషయం కనిపెట్టి అవాక్కయ్యారు. అప్పటి ఎన్‌పీఎం 3లో ప్రోగ్రెస్ బార్ ఆపేస్తే ఇన్‌స్టాల్ దాదాపు రెట్టింపు వేగంతో అయిపోతోంది! బారుని అతిగా గీస్తూ కూర్చోవడంలోనే సగం కాలం పోయేదన్నమాట. తర్వాత సరిచేశారనుకోండి. ఇప్పుడు చాలా లైబ్రరీలు మామూలుగా సెకనుకి ఓ పదిసార్లకి మించి గీయవు. మన కంటికి అది చాలు.

రెండో బస్సు

తర్వాతి వారం మొత్తం మళ్లీ రాశాను. ఈసారి రూల్స్ పెట్టుకున్నా.

మొదటిది, బస్సెక్కే ముందే చార్జీ చెప్పాలి. పిప్‌లో 'డ్రై రన్' అని ఉంది. నిజంగా ఎక్కించకుండా ఏమేం వస్తాయో జాబితా ఇస్తుంది. ఆ ఫైళ్ల సైజులు పైథాన్ ప్యాకేజీల భాండాగారం నుంచి తెలుసుకోవచ్చు. అన్నీ కూడి 'మొత్తం ఇన్ని ఎంబీ, వెళ్దామా?' అని నా టూల్ అడుగుతుంది. వద్దంటే ఒక్క ప్యాకేజీ కూడా దిగదు.

రెండోది, గడియారం చూసి బస్సు నడపకూడదు. దిగిన బైట్లు ఎన్నో దాన్ని బట్టే కదలాలి. నెట్ ఆగితే బస్సూ ఆగాలి. ఆగినప్పుడు ఊరికే నిలబడకుండా 'చివరి డేటా వచ్చి 40 సెకన్లయింది' అని చెప్పాలి. ఆ ఒక్క లైనుతో ఆపేయాలా, ఆగాలా, డాబా మీదికెళ్లి సిగ్నల్ వెతుక్కోవాలా అన్నది మనమే తేల్చుకోవచ్చు.

మూడోది, డౌన్‌లోడ్ అయితే కూచిపూడి వచ్చినట్టే, చల్లపల్లి కాదు. అక్కణ్నుంచి ఎక్కించే పని. ఎన్ని ప్యాకేజీల్లో ఎన్ని అయ్యాయో అంకె. కొన్ని లైబ్రరీలని మన మెషీన్లోనే కంపైల్ చేయాలి. అది ఎంతసేపు పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. అక్కడ శాతం చూపించడం మానేశా. చిన్న చక్రం తిరుగుతుంది, పక్కన ఎంతసేపైందో ఉంటుంది.

నాలుగోది, పిప్ తప్పుల్లేకుండా ముగిసిందని తేలాక, ఆ లైబ్రరీని ఒకసారి తెరిచి చూశాకే 'చల్లపల్లి వచ్చింది, దిగండి' అనాలి. మధ్యలో ఏదైనా ఫెయిలైతే బస్సు అక్కడే ఆగి, ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు చూపించాలి. బొమ్మ కోసం ఎర్రర్ దాచకూడదు.

ఇవి కాక చిన్న మర్యాదలు కొన్ని. కంట్రోల్ సీ కొట్టి ఆపేస్తే దాచిన కర్సర్‌ని తిరిగి ఇచ్చేయాలి. లేకపోతే టెర్మినల్‌లో ఎక్కడ టైప్ చేస్తున్నామో కనపడక చస్తాం. అవుట్‌పుట్ స్క్రీన్‌కి కాకుండా ఫైల్‌కి వెళ్తుంటే బస్సు అసలు తీయకూడదు, లేదంటే లాగ్ ఫైలంతా చెత్త అక్షరాలే. స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకి తిరిగే చక్రం ఒట్టి రొద. వాళ్లకోసం బొమ్మలన్నీ ఆపేసి, మామూలు వాక్యాలు చెప్పే ఆప్షన్ ఉండాలి.

మీ చేతిలో ఉన్నవి

నా టూల్ అవసరం లేకుండానే మీరు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. హాట్‌స్పాట్ మీద పెద్ద లైబ్రరీ దించేముందు దాని పేజీలో ఫైల్ సైజు చూడండి. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే సీపీయూ వెర్షన్ ఉందేమో వెతకండి. వీడియోలో చెప్పిన కమాండ్‌లో 'నో క్యాష్' అని కనిపిస్తే, ఎందుకుందో తెలిసేదాకా తీసేయండి. దిగిన ఫైళ్లయినా దాచిపెట్టి ఉంటాయి. పిప్‌ని అప్‌డేట్ చేసుకోండి. ఈమధ్య వెర్షన్లలో డౌన్‌లోడ్ అయ్యాక సర్దే దశకి కూడా బారు పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, బారు నిండింది కదా అని కట్టేయొద్దు. కమాండ్ టైప్ చేసే చోటు మళ్లీ కనపడేదాకా ఆగండి. పని ముగిసిందనడానికి గుర్తు అదే.

తమ్ముడికి ఇంకో రివ్యూ దొరికింది. దానికి ముందు మళ్లీ ఓ లైబ్రరీ ఎక్కించాడు. ఈసారి నేను పక్కనే ఉన్నా. బస్సు పామర్రు దగ్గర ఆగింది. చివరి డేటా వచ్చి నిమిషమైందని కింద లైను వచ్చింది. నేను ఏదో చెప్పబోయేలోపే వాడు ఫోన్ పట్టుకుని డాబా ఎక్కేశాడు. కాసేపటికి బస్సు కదిలింది. కూచిపూడి. చక్రం తిరిగింది. వాడు కిందికొచ్చి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చల్లపల్లి వచ్చేదాకా కదల్లేదు.

'బాగుందన్నయ్యా' అన్నాడు. 'కానీ ఇందులో నా ప్యాక్‌లో ఎంత డేటా మిగిలిందో కూడా చూపిస్తే బాగుండు.'

అది ఫోన్ లోపలి లెక్క, ల్యాప్‌టాప్‌కి తెలీదని చెప్పా. వాడు వినలేదు. పొద్దున్న ఎంత ఉందో చేత్తో కొడితే, దిగినంతా అందులోంచి తీసేసి చూపించేలా వాడే ఓ పది లైన్లు రాసుకున్నాడు. ఆ లైను మాత్రం బస్సు కన్నా పైన పెట్టాడు.